పల్లీ సభ నుంచి మున్సిపల్ కౌన్సిల్ దాకా: ఒడిశా సరిహద్దు ఊళ్లలో మీటింగు వార్త రాయడం ఎలా?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో పొద్దున లేస్తే టీవీలో అమరావతి వార్తలు, హైదరాబాద్ వార్తలు. పేపరు తెప్పించుకుంటే అందులో పాతపట్నం, శ్రీకాకుళం, పార్వతీపురం సంగతులు. మన వీధి కాలువ ఎవరు కట్టిస్తున్నారు, ఇంటి పన్ను ఎంత పెంచబోతున్నారు, ఇళ్ల జాబితాలోంచి ఎవరి పేరు తీసేశారు అనేవి ఆ టీవీలోనూ రావు, ఆ పేపర్లోనూ రావు. అవన్నీ తేలేది మన పంచాయతీ ఆఫీసులో, మన మున్సిపాలిటీ హాల్లో. నోటీసు ఒడియాలో అంటిస్తారు. పెద్దవాళ్లలో చాలామందికి అది చదవడం రాదు, చదవగలిగిన పిల్లలు అటు వెళ్లరు. తీరా జేసీబీ వచ్చి ఇంటి ముందు మెట్లు తీసేసిన రోజున, ఇదెప్పుడు తీర్మానం చేశారని అడుగుతాం.

ఈ పరిస్థితి మారాలంటే ఊరికి ఒక్కరు చాలు. డిగ్రీ చదివే అమ్మాయి కావచ్చు, రిటైరైన మాస్టారు కావచ్చు, జిరాక్స్ షాపు నడిపే కుర్రాడు కావచ్చు. విలేఖరి కార్డు అక్కర్లేదు. సభకు వెళ్లి కూర్చుని, విన్నది సరిచూసుకుని, మన భాషలో నలుగురికీ చెప్పే ఓపిక ఉంటే చాలు. నిర్ణయం అవ్వకముందే జనానికి తెలియాలి, అయ్యాక ఏమైందో ఉన్నది ఉన్నట్టు తెలియాలి. ఈ రెంటిలో మొదటిదే ఎక్కువ ముఖ్యం. కింద రాసినదంతా దానికోసమే.

1. మీ వీధి ఎవరి కింద ఉందో ముందు తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది ఇక్కడే తప్పు ఆఫీసుకు వెళ్లి తిరిగొస్తారు. గజపతి జిల్లాలో పర్లాకిమిడి మున్సిపాలిటీ, కాశీనగర్ ఎన్.ఎ.సి. (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, చిన్న పట్టణాలకు ఉండే పాలక సంస్థ) పట్టణ సంస్థలు. మిగతా ఊళ్లన్నీ 7 బ్లాకుల కింద గ్రామ పంచాయతీలు. రాయగడ జిల్లాలో రాయగడ, గుణుపురం, గుడారి పట్టణ సంస్థలు, పల్లెలు 11 బ్లాకుల కింద ఉన్నాయి. పల్లెలకు 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం, పట్టణాలకు 1950 నాటి ఒడిశా మున్సిపల్ చట్టం వర్తిస్తాయి. పన్ను రసీదు తీసి చూస్తే మీరు దేని కింద ఉన్నారో తెలిసిపోతుంది.

పేర్లతో జాగ్రత్త. కాశీనగర్, గుణుపురం, గుడారి పేర్లతో పట్టణమూ ఉంది, బ్లాకూ ఉంది. ఇక రాయగడ అని ఒక జిల్లా ఉండగా, గజపతి జిల్లాలో అదే పేరుతో ఒక బ్లాకు ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు జిల్లా పేరు ముందు ఎంచుకోకపోతే వేరే ఊరి లెక్కలు మన ఊరివనుకునే ప్రమాదం ఉంది.

తర్వాత మనుషులు. పల్లెలో అయితే వార్డు మెంబరు, సర్పంచ్, నాయబ్ సర్పంచ్ (ఉప సర్పంచ్), పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ (అందరూ పి.ఇ.ఒ. అంటారు), బ్లాకు స్థాయి పంచాయతీ సమితి సభ్యుడు, బ్లాకులో బి.డి.ఒ. (బ్లాకు అభివృద్ధి అధికారి). పట్టణంలో అయితే కౌన్సిలర్, చైర్‌పర్సన్, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్. 2022 మార్చిలో జరిగిన ఎన్నికల్లో పట్టణ చైర్‌పర్సన్లను జనమే నేరుగా ఎన్నుకున్నారు కాబట్టి, వార్డు పని గురించి కౌన్సిలర్ని ఎంత అడగగలమో పట్టణం మొత్తం పనుల గురించి చైర్‌పర్సన్ని అంతే అడగొచ్చు. ఈ పేర్లూ ఫోన్ నంబర్లూ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఇందరిలోనూ మీకు రోజూ పనిబడేది పి.ఇ.ఒ.తోనే. మీటింగు పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది.

2. ఏ సభ ఎప్పుడో తెలుసుకోండి

పల్లెలో మూడు రకాల సభలుంటాయి, వాటిని కలిపేసి మాట్లాడకూడదు.

మొదటిది పల్లీ సభ. ఇది ఒక్కో గ్రామానికి జరిగేది. ఆ గ్రామంలో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే. చట్టం ప్రకారం ఏటా ఫిబ్రవరిలో జరగాలి. వార్డు మెంబరు అధ్యక్షత వహిస్తారు. వచ్చే ఏడాది ఏ పనులు కావాలో పంచాయతీకి సిఫారసు చేసేది ఇక్కడే. రెండోది గ్రామ సభ, పంచాయతీ మొత్తానిది. ఫిబ్రవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి తప్పనిసరి. ఇవికాక సర్కారు ఉత్తర్వులతో గాంధీ జయంతి వంటి రోజుల్లో కూడా పెడుతుంటారు. రెండింటికీ కోరం, అంటే సభ చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, సభ్యుల్లో పదోవంతు. మూడోది పంచాయతీ మీటింగు. సాధారణంగా నెలకోసారి సర్పంచ్, వార్డు మెంబర్లు కూర్చునేది. మొదటి రెండింటిలో మీరు సభ్యులు, మాట్లాడే హక్కు మీది. మూడోదానిలో వాళ్లే సభ్యులు. అక్కడికి వెళ్లాలంటే ముందురోజే సర్పంచ్‌కో పి.ఇ.ఒ.కో చెప్పి కూర్చోవడం మర్యాద, పైగా మంచి పద్ధతి. మున్సిపల్ కౌన్సిల్ మీటింగుకీ అంతే.

నాకైతే ఈ మూడింటిలో పల్లీ సభే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. అందులో ఏముంది, పదిమంది వస్తారు, సంతకాలు పెట్టి పోతారని తీసిపారేసేవాళ్లు మన రాయగడ జిల్లా సంగతే గుర్తుచేసుకోవాలి. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని తవ్వాలా వద్దా అనే వ్యవహారంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పిస్తూ ఆ విషయం ఊరి సభల ముందు పెట్టమంది. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 ఊళ్లలో పల్లీ సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. గని ఆగిపోయింది. కొండమీది డొంగ్రియా కొంధు గిరిజనుల పల్లెల్లో చెట్ల కింద కూర్చుని చెప్పిన మాట దేశమంతా విన్నది. మన పల్లీ సభ కూడా చట్టం పెట్టిన సభే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాలు మొత్తంగానూ, గజపతిలో కొన్ని బ్లాకులూ షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. అక్కడ 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన చట్టం) వల్ల భూసేకరణకు ముందు గ్రామ సభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలి. అటవీ హక్కుల చట్టం కింద జరిగే సభకైతే కోరం పదోవంతు కాదు, సగం మంది ఉండాలి. వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. కాబట్టి సభ దేనికోసమో నోటీసులో చూసి, దాని కోరం ఎంతో ముందే లెక్కవేసుకుని వెళ్లండి.

3. నోటీసును పట్టుకోండి

నోటీసు పంచాయతీ ఆఫీసు గోడ మీదే ఉంటుంది. ఒక్కోసారి బడి గోడ మీద, అంగన్‌వాడీ తలుపు మీద కూడా అంటిస్తారు. వర్షానికి తడిసి, మేక నమిలి పోకముందే ఫోన్లో ఫోటో తీయండి. ఫోటోలో కాగితంతో పాటు గోడ కూడా కనబడాలి. తీసిన తేదీ ఫోన్లోనే ఉంటుంది. రేపు సభకు ముందురోజే అంటించారా, వారం ముందు అంటించారా అనే ప్రశ్న వస్తే ఆ ఫోటోయే జవాబు. నెలలో ఒక రోజు పెట్టుకుని, బజారుకు వెళ్లేటప్పుడు ఆ గోడ చూసి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఫిబ్రవరి, జూన్ నెలల్లో వారానికోసారి చూడండి.

ఒడియా లిపి రానివాళ్లు భయపడక్కర్లేదు. అక్షరాల వరస మనదే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. అంకెలతో మొదలుపెట్టండి, ఎందుకంటే తేదీ, టైము, డబ్బు అన్నీ అంకెల్లోనే ఉంటాయి. తర్వాత నోటీసుల్లో మళ్లీమళ్లీ వచ్చే ఓ ముప్పై నలభై మాటలు నేర్చుకుంటే పని గడిచిపోతుంది. మన మాటల్లా కనిపించేవాటి దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఒడియాలో ‘అభియోగ’ అంటే మామూలు ఫిర్యాదు. సర్పంచ్ మీద అభియోగం అని తెలుగులో రాస్తే కేసు పెట్టారనుకుంటారు. అనుమానంగా ఉన్న మాట ఒడియా మాస్టారు ఎవరినైనా అడిగి రాసుకోండి. ఫోన్లోని అనువాదం యాప్ చూపించిందే వేదం అనుకోవద్దు.

ఇంకొకటి, ఒడియా నేర్చుకోవడం ఈ పనికి మాత్రమే కాదు. సర్పంచ్‌గానో వార్డు మెంబరుగానో నిలబడాలంటే 21 ఏళ్లు నిండి, ఒడియా చదవడం రాయడం వచ్చి ఉండాలని చట్టంలో ఉంది. మన పిల్లలకు ఇంట్లో తెలుగు ఎంత అవసరమో ఊరి వ్యవహారానికి ఒడియా అంత అవసరం.

నోటీసు దొరికిన రోజే మొదటి వార్త రాసేయండి. ఐదు ముక్కలు చాలు: ఏ సభ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎజెండాలో ఏమున్నాయి. ఎజెండాలో ఇళ్ల జాబితా ఉంటే ఆ ముక్క అన్నిటికన్నా పైన పెట్టండి. సభ అయిపోయాక రాసే పేజీ వార్త కన్నా, సభకు ముందు రాసే ఈ నాలుగు వరసలు జనానికి ఎక్కువ మేలు చేస్తాయి.

4. వెళ్లేముందు ఒక గంట చదువుకోండి

ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో మీ రాష్ట్రం, జిల్లా, బ్లాకు, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ప్లానులో ఏ పనులు పెట్టారో, దేనికి ఎంత అనుకున్నారో, ఎంత ఖర్చయిందో కనిపిస్తాయి. ఆడిట్‌ఆన్‌లైన్ అనే మరో పోర్టల్లో పంచాయతీల ఆడిట్ రిపోర్టులుంటాయి. ఈ రెండూ అందరూ చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడండి, ఎందుకంటే దాన్నిబట్టే ప్రశ్న మారుతుంది. ఉదాహరణకు 2021-22 నుంచి 2025-26 దాకా 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పనులకే వాడాలి. ఆ సంవత్సరాల పాత పనుల జాబితా తీసి చూసి, నీళ్లకూ కాలువలకూ వెళ్లాల్సిన డబ్బు అక్కడికే వెళ్లిందా అని అడగొచ్చు. పోయిన మీటింగు తీర్మానాలు కూడా ఓసారి తిరగేసుకోండి. అవి దొరకకపోతే కనీసం మీ పాత నోట్సు చూడండి.

5. సభలో కూర్చున్నప్పుడు

పావుగంట ముందే వెళ్లండి. హాజరు పుస్తకం ఎక్కడుందో చూడండి. సభ మొదలయ్యేటప్పుడు ఎంతమంది ఉన్నారో తలలు లెక్కపెట్టి టైముతో సహా రాసుకోండి, ఆడవాళ్లు ఎంతమందో విడిగా రాయండి. కోరం లేక సభ వాయిదా పడితే అదీ వార్తే. ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు, మళ్లీ ఎప్పుడు పెట్టారు అని రాయండి.

నోట్సు రాసేటప్పుడు పేజీని నిలువుగా రెండు భాగాలు చేసుకోవడం నాకు బాగా పనికొచ్చిన పద్ధతి. ఎడమవైపు ఎవరు ఏమన్నారో, కుడివైపు ఏం తేలిందో రాస్తాను. అరగంట గొడవ జరిగినా కుడివైపు ఒక్క వరసే పడొచ్చు, ఒక్కోసారి ఏమీ పడకపోవచ్చు. ఇంటికొచ్చాక వార్తకు పనికొచ్చేది కుడివైపే. గొడవ గుర్తుంటుంది, తీర్మానం మర్చిపోతాం. మనిషి మనసు అంతే.

అంకెలు విన్నవెంటనే మళ్లీ అడిగి ఖాయం చేసుకోండి. “బాబూ, మూడు లక్షలా, మూడున్నర లక్షలా?” అని అడిగితే ఎవరూ కోప్పడరు. ఫోన్లో రికార్డు చేయాలనుకుంటే మొదట్లోనే అధ్యక్షుల వారికి చెప్పి, ఫోను అందరికీ కనబడేలా బల్లమీద పెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. సభ చివర్లో జనం లేచి వెళ్లిపోతుంటారు. అప్పుడే తీర్మానం పుస్తకంలో రాస్తారు. మీరు వెళ్లకండి. రాయడం అయ్యాక పైకి చదివి వినిపించమని అడగండి. ఖాళీ పేజీ కింద సంతకమో వేలిముద్రో పెట్టమంటే, రాశాక పెడతామని మర్యాదగా చెప్పండి, పక్కనున్న పెద్దమ్మకూ అదే చెప్పండి. పైన ఏం రాస్తారో తెలియకుండా కింద వేసిన ముద్ర, రేపు మనం ఒప్పుకున్నట్టే లెక్క. చదివి వినిపించింది మన చెవులు విన్నదానితో సరిపోతే అప్పుడు సంతకం చేయండి. తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పి, మీ అభ్యంతరం కూడా పుస్తకంలో రాయమనండి. వీలైతే ఆ పేజీ ఫోటో అడగండి.

6. “రోడ్డొచ్చింది” అనేముందు ఏ మెట్టు మీదుందో చూడండి

మన ఊళ్లలో తప్పుడు వార్తల్లో ఎక్కువ భాగం అబద్ధాలు కావు, తొందరపాటు. పల్లీ సభలో ఎవరో రోడ్డు కావాలని అడిగితే, సాయంత్రానికి గ్రూపులో ‘రోడ్డు మంజూరు’ అని వచ్చేస్తుంది, దాంతోపాటు నాయకుడి ఫోటో, చేతులు జోడించిన బొమ్మలు. ఏడాది తర్వాత రోడ్డు లేదు, ఎవరో తినేశారని ఇంకో గొడవ. నిజానికి డబ్బు రానేలేదు.

ఒక పని పుట్టినప్పటినుంచి పూర్తయ్యేదాకా చాలా మెట్లుంటాయి. మొదట జనం అడుగుతారు, అది కోరిక. పల్లీ సభ సిఫారసు చేస్తుంది. గ్రామ సభ, పంచాయతీ ప్లానులో చేరుస్తాయి. ఇంజనీరు వచ్చి కొలిచి అంచనా వేస్తాడు. పై ఆఫీసు ఆమోదిస్తుంది, అప్పుడే దాన్ని మంజూరు అనాలి. తర్వాత టెండరో, వర్క్ ఆర్డరో. పని మొదలు. కొలతలు పుస్తకంలో ఎక్కిస్తారు. బిల్లు చెల్లిస్తారు. వార్తలో ఎప్పుడూ ఏ మెట్టు మీద ఉందో ఆ మాటే వాడండి. ప్లానులో చేర్చారు అంటే చేర్చారనే, అంచనా వేశారు అంటే వేశారనే. తెలియకపోతే పి.ఇ.ఒ.ని అడిగి తెలుసుకున్నాకే రాయండి, ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

పని మొదలయ్యాక అక్కడ బోర్డు పెట్టారేమో చూడండి. పని పేరు, అంచనా మొత్తం, ఏ పథకం, ఏ సంవత్సరం, మొదలైన తేదీ అన్నీ దానిమీద ఉండాలి. బోర్డు లేకపోతే అంచనా కాపీ అడగండి, అందులో కొలతలుంటాయి. ఉదాహరణకు అంచనాలో సిమెంటు రోడ్డు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకుందాం. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పోస్తున్న రోజు వెళ్లి అంచు దగ్గర టేపు పెట్టి మందం చూడండి. అది 10 సెంటీమీటర్లే ఉంటే పడేది 30 ఘనపు మీటర్లు. మూడోవంతు కాంక్రీటు తగ్గినట్టు. పొడవూ వెడల్పూ ఎప్పుడైనా కొలవచ్చు కానీ మందం మాత్రం ఆ రోజే కనబడుతుంది, పక్కన మట్టి కప్పేశాక ఇక తెలీదు. రెండు మూడు చోట్ల కొలిచి, టేపు కనబడేలా ఫోటోలు తీయండి. తేడా ఉందని తేలినా వెంటనే ‘కాంట్రాక్టరు దోపిడీ’ అని రాయకండి. “అంచనాలో 15 సెంటీమీటర్లు ఉంది, మేం మూడు చోట్ల కొలిస్తే 10 వచ్చింది, జూనియర్ ఇంజనీరుని అడిగితే ఆయన ఇలా చెప్పారు” అని రాయండి. ఇందులో ఒక్క తిట్టు లేదు, కానీ ఈ వార్తకు ఆఫీసు జవాబు చెప్పి తీరాలి.

7. ఇక రాయండి

ముందు తీర్మానం, తర్వాత అది ఎవరికి తగులుతుందో, తర్వాత డబ్బు, తర్వాత ఇప్పుడు మనం ఏం చేయొచ్చో, చివర్లో ఎవరు ఏమన్నారో. స్వాగతం పలికినవాళ్ల పేర్లూ శాలువాలూ వార్తలో అక్కర్లేదు. నమూనాకు ఒకటి, ఊహించి రాసినది:

“మూడో వార్డు సంత వీధి కాలువను వచ్చే ఏడాది ప్లానులో పెట్టాలని నిన్నటి పల్లీ సభ సిఫారసు చేసింది. డబ్బు ఇంకా మంజూరు కాలేదు. కాలువ పొడవు 120 మీటర్లు. వీధికి ఉత్తరం వైపు ఇళ్ల మెట్లు కొన్ని తీయాల్సి రావచ్చని వార్డు మెంబరు చెప్పారు. ఏయే ఇళ్లో ఇంకా కొలవలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ నెల 24న జరిగే గ్రామ సభలో చెప్పవచ్చు. సభకు 64 మంది వచ్చారు, వారిలో 21 మంది ఆడవాళ్లు.”

చూడండి, ఇందులో ఒక్క పెద్ద మాట లేదు. సంత వీధిలో ఉన్న ముసలమ్మకు కూడా తన మెట్ల సంగతి తెలిసిపోయింది, ఎప్పుడు వెళ్లి మాట్లాడాలో తెలిసింది. ఆఫీసు భాషలో ‘పైన పేర్కొన్న పనిని చేపట్టుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది’ అని రాస్తే ఆమెకు ఏమీ అందదు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆయన తిరిగిన గడ్డమీద ఊరి వార్త గ్రాంథికంలో రాయడం న్యాయం కాదు.

అటుపక్క మాట కూడా తీసుకోండి. ఎవరి గురించైనా నింద ఉన్న వార్తయితే, పెట్టేముందు వాళ్లకు ఫోన్ చేసి వాళ్లేమంటారో అడిగి అదీ రాయాలి. ఎత్తకపోతే ఎన్నింటికి చేశారో రాయండి.

8. పంచేటప్పుడు ఎవరు చదవగలరో ఆలోచించండి

ఒడిశాలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఒడియా మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం చాలామంది చదవలేరు. పెద్దవాళ్లది ఇంకో రకం కష్టం, కళ్లు కనబడవు. అందుకే వార్త రాశాక అదే విషయాన్ని మాట్లాడి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. మా వైపు అనుభవం ఏమంటే, రాసినదానికన్నా ఈ వాయిస్‌నే ఎక్కువమంది వింటారు, పొలంలోనూ వింటారు.

వాట్సాప్ గ్రూపు పెడితే అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా పెట్టుకోండి. లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద సభ నోటీసు కొట్టుకుపోతుంది. ప్రతి వార్త మొదట్లో ఊరు పేరు, తేదీ వేయండి, పాత మెసేజ్ ఆరు నెలల తర్వాత మళ్లీ తిరిగొచ్చి టెన్షన్ పెట్టకుండా ఉంటుంది. ఫోన్ లేనివాళ్లకోసం ఒక పేజీ ప్రింటు తీసి టీ కొట్టు దగ్గర, రామాలయం దగ్గర, రేషన్ షాపు దగ్గర అంటించండి. ఊళ్లో సవరలు, కొంధులు, ఒడియావాళ్లు ఉంటే వాళ్లలో ఒకరిని తోడు తీసుకుని వాళ్ల భాషలోనూ చెప్పించండి. కాలువ తెలుగువాళ్లకొక్కళ్లకే కాదు కదా. ఈ పని తెలుగు సంఘం పనిలా కనబడటం మొదలైతే సగం ఊరు వినడం మానేస్తుంది.

తప్పు దొర్లితే పాతది చెరిపేసి ఊరుకోకండి. ‘నిన్న మూడు లక్షలన్నాం, సరైన అంకె రెండున్నర లక్షలు’ అని కొత్తగా పెట్టండి.

9. కాగితం ఇవ్వకపోతే

నోటితో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఒడిశాలో దరఖాస్తు ఫారం ‘ఎ’ లో పెట్టాలి, ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది. ఇంగ్లిషులోనో, హిందీలోనో, ఒడియాలోనో రాయాలి. రాయలేనివాళ్లు నోటితో చెబితే రాసుకుని సాయపడవలసిన బాధ్యత సమాచార అధికారిదే. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవాలి. ‘పంచాయతీ లెక్కలన్నీ ఇవ్వండి’ అని అడిగితే తిరస్కరించడం తేలిక. ‘ఫలానా తేదీ గ్రామ సభ తీర్మానాల కాపీ, ఆ సభ హాజరు పేజీల కాపీ’ అని అడగండి.

అర్జీ సంగతి వేరు. ఏదైనా బాధ తీర్చమని అధికారికి పెట్టుకునే అర్జీని రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. అంటే తెలుగులో ఇవ్వడం మన హక్కు. కానీ పని త్వరగా కావాలంటే తెలుగు కాగితం వెనక ఒడియా కాపీ కూడా జతచేయండి, చదివే గుమాస్తాకు సులువవుతుంది. కలెక్టరూ ఎస్పీ కలిసి సోమవారాల్లో జరిపే గ్రీవెన్స్‌లో ఇవ్వొచ్చు, రాష్ట్ర సర్కారు ఫిర్యాదుల కోసం నడిపే జనసుణాణి పోర్టల్లోనూ పెట్టొచ్చు. రసీదు నంబరు దాచుకోండి.

10. మిమ్మల్ని మీరు కాపాడుకోండి

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. కాగితంతో చూపించగలిగిందే రాయండి. మైనర్ల పేర్లు, లైంగిక దాడి బాధితుల వివరాలు ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు. లబ్ధిదారుల జాబితా పెట్టేటప్పుడు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు నల్లగా కొట్టేయండి. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దు, ‘మంచిగా రాయి’ అని ఇచ్చే పండగ కవరైనా సరే. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే, ఒకరికి పెళ్లో పరీక్షో వచ్చినా పని ఆగదు, ఒత్తిడి కూడా ఒక్కరి మీదే పడదు. అందులో ఒక ఆడమనిషి ఉంటే ఆడవాళ్లు సభలో చెప్పనివి కూడా మీకు చెబుతారు.

11. తీర్మానాల చిట్టా పెట్టండి

విడిగా ఒక పుస్తకంలో తేదీ, తీర్మానం, డబ్బు, ఇప్పుడు ఏ మెట్టు మీదుంది అని నాలుగు గడులు గీసి, మూడు నెలలకోసారి నింపుతూ ఉండండి. ‘ఏడాది కిందట ఒప్పుకున్న బోరు ఇంకా అంచనా దగ్గరే ఉంది’ అనే వార్త ఈ పుస్తకంలోంచే పుడుతుంది. ఇలాంటి వార్త వేరెవరూ రాయలేరు, ఎందుకంటే వేరెవరికీ గుర్తుండదు. పూర్తయిన పనుల్ని కూడా అంతే శ్రద్ధగా రాయండి, బాగా చేసిన వార్డు మెంబరు పేరుతో సహా.

2022 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల ఐదేళ్ల గడువు 2027 మొదట్లో ముగుస్తుంది. ఎన్నికల ప్రకటన వెలువడకముందే ఈ చిట్టాలోంచి పూర్తికాని పనులన్నీ ఒక పేజీలోకి దించి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ప్రింటు తీయించండి. నామినేషన్లు వేసిన అభ్యర్థులందరికీ, ఏ గుర్తు వాళ్లైనా సరే, ఒకే కాగితం ఇవ్వండి. వాళ్లు ఏం జవాబు చెప్పారో, ఎవరు చెప్పలేదో ఒకే వార్తలో పక్కపక్కన వేయండి. గెలిచినవాళ్ల మొదటి పంచాయతీ మీటింగుకు అదే కాగితం పట్టుకెళ్లండి.